200డీ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కు మారాలా? చిట్టీ పైసలు పోసి నేర్చుకున్నవాడి మాట

పాలమూరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: క్యానన్ 200డీ ఉంది, దానితో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత కొన్న 55-250 జూమ్ లెన్స్ ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్లు తీస్తాడు, ఖాళీ దొరికితే కోయిల్‌సాగర్ జలాశయం దగ్గర పిట్టలు. రాత్రి పెండ్లిళ్లలో ఫొటోల నిండా గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తున్నాయి. చేతిలో లక్షన్నర ఉంది. ఫుల్‌ఫ్రేమ్, అంటే లోపల వెలుతురును పట్టే సెన్సర్ పలక పెద్దగా ఉండే కెమెరా, కొంటే ఈ బాధ తీరుతుందా?

తమ్ముడూ, 2019లో ఇదే ఆలోచనతో నేను కెమెరా మార్చి ఎనిమిది నెలలు నవ్వులపాలయ్యాను. ముందు అది విను, లెక్కలు తర్వాత చూద్దాం.

అప్పటికి నా దగ్గర నికాన్ డీ5300 ఉండేది, 2015లో కొన్నది. దాంతోనే నల్లగొండ, మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు నాలుగేళ్లు పెండ్లిళ్లు తీశాను. ఒక పెండ్లిలో వీడియో తీసే అన్న నా చేతిలో కెమెరా చూసి, ‘ఇంకా చిన్నపిల్లల కెమెరానేనా?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గుచ్చుకుంది. చిట్టీ ఎత్తి, కోఠికి పోయి సెకండ్‌హ్యాండ్ డీ750 బాడీ తెచ్చాను. బాడీ ఒక్కటే, లెన్స్ లేకుండా. పైసలు అంతవరకే వచ్చాయి. పాత లెన్సులే పెట్టాను, 18-140 ఒకటి, 35 ఎఫ్ 1.8 ఒకటి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది). రెండూ డీఎక్స్ లెన్సులు, అంటే చిన్న సెన్సర్ కోసం చేసినవి. నికాన్‌లో అవి ఫుల్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కుతాయి. ఎక్కితే చాలు, పని నడుస్తుందనుకున్నాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

వ్యూఫైండర్‌లో కన్ను పెడితే పెద్ద కిటికీ, దాని లోపల గీత గీసి ఇంకో చిన్న కిటికీ. ఆ చిన్న కిటికీలో పడ్డంతవరకే ఫొటో. డీఎక్స్ లెన్స్ తగిలించగానే కెమెరా సెన్సర్‌లో నడిమి భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా నాకు 10 మెగాపిక్సెళ్లే ఇచ్చింది. అవే లెన్సులతో పాత డీ5300 నిండుగా 24 ఇచ్చేది. ఆ సెట్టింగ్ ఆపేయొచ్చు, కానీ అప్పుడు ఫొటో మూలలు నల్లగా వస్తాయి. ఆల్బమ్ డిజైన్ చేసే పిల్లగాడు ఒకరోజు అప్పగింతల ఫొటోను 12×36 షీటు మీద పరిచి, దగ్గరికి జరిపి చూసి, ‘అన్నా, కొత్త కెమెరా అన్నవు గదా, ఇది ఫోన్‌ల తీసినవా?’ అన్నాడు. ఫుల్‌ఫ్రేమ్ కొన్నాక నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది.

నీ విషయంలో ఇది ఇంకా చిక్కు. నీ రెండు లెన్సులూ ఈఎఫ్-ఎస్ రకం, అంటే క్యానన్ చిన్న సెన్సర్ కోసం చేసినవి. 6డీ మార్క్ 2 లాంటి క్యానన్ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు అవి అసలు ఎక్కవు. ఈఓఎస్ ఆర్‌పీ లాంటి మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కొత్త రకం ఫుల్‌ఫ్రేమ్) అడాప్టర్ పెట్టి ఎక్కించొచ్చు, కానీ 26 మెగాపిక్సెళ్లు 10కి పడిపోతాయి. అంటే నువ్వు కొనేది బాడీ ఒక్కటే కాదు, మొత్తం సంసారాన్ని మళ్లీ మొదటి నుంచి కొనాలి. లక్షన్నరను ఆ కళ్లతో చూడు.

ఇప్పుడు గ్రెయిన్స్ సంగతి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్లు పొడవు, 24 వెడల్పు. నీ 200డీలో ఉన్నది సుమారు 22.3, 14.9. వైశాల్యం లెక్కేస్తే పెద్దది చిన్నదానికి రెండున్నర రెట్ల పైచిలుకు. పెద్ద తొట్టి పెడితే ఎక్కువ వాన నీళ్లు పట్టినట్టు, అంత ఎక్కువ వెలుతురు పడుతుంది. మన భాషలో ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు), ఇంకో అర స్టాప్‌కు కొంచెం తక్కువ. ఐఎస్ఓ అంటే కెమెరా ఫొటోను ఎంత పెంచి వెలిగిస్తుందో చెప్పే అంకె, అది పెరిగే కొద్దీ గ్రెయిన్స్ ఎక్కువ. నువ్వు 6400 ఐఎస్ఓ దగ్గర పడుతున్న బాధ, ఫుల్‌ఫ్రేమ్‌లో అదే 6400 దగ్గర నీ 2500లో కనిపించేంతకు తగ్గుతుంది. మంచిదే. కాదనను.

కానీ నీ 18-55 జూమ్ చేశాక ఎఫ్ 5.6కు వస్తుంది. దాని స్థానంలో 50 ఎఫ్ 1.8 పెడితే లోపలికి వచ్చే వెలుతురు తొమ్మిదిన్నర రెట్లు. ఆ లెన్స్ పది వేల చుట్టుపక్కల దొరుకుతుంది. లక్షన్నర బాడీ రెండున్నర రెట్లు ఇస్తే, పది వేల లెన్స్ తొమ్మిదిన్నర రెట్లు ఇస్తుంది! నాకు ఈ లెక్క 2019లో ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఇంకోటి కూడా చూడు. షాపువాళ్లు ఆర్‌పీతో కలిపి అమ్మే 24-105 కిట్ లెన్స్ ఎఫ్ 4 నుంచి 7.1 వరకు ఉండేది. జూమ్ చేస్తే 7.1. రాత్రి పెండ్లి మండపంలో ఆ ఫుల్‌ఫ్రేమ్ కన్నా, 50 ఎఫ్ 1.8 పెట్టిన నీ 200డీ శుభ్రమైన ఫొటో ఇస్తుంది. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అంతే.

మరి ఫుల్‌ఫ్రేమ్ ఉత్తదేనా అంటే, కాదు. చండూరు దగ్గర ఒక ఊళ్లో తెల్లవారుజామున మూడు దాటాక ముహూర్తం. ఇంటి ముందు పందిరి. పురోహితుడు ‘సుముహూర్తే’ అనబోతుండగా కరెంటు పోయింది. జనరేటర్ వాడు ఎక్కడో పడుకున్నాడు. రెండు ఎమర్జెన్సీ లైట్లు, దీపాల కుందెలు, ఎవరివో నాలుగు ఫోన్ టార్చిలు. ముహూర్తం ఆగదు కదా. అడ్డుతెర దించారు, తమలపాకులో జీలకర్ర బెల్లం పెట్టి ఒకరి తల మీద ఒకరు చేతులు ఉంచారు. అప్పటికి నేను బుద్ధి తెచ్చుకుని డీ750కి సరిపడే 50 ఎఫ్ 1.8 కొన్నాను. భుజాన డీ5300 కూడా ఉంది, దానికి పాత 35. రెండూ ఎఫ్ 2లో, ఐఎస్ఓ 6400లో, షట్టర్ 1/125లో పెట్టి తీశాను.

మరునాడు రెండింటినీ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టుకుని చూశాను. డీ750 ఫొటోలో పెండ్లికూతురి చెంప మీద పసుపు పసుపులాగే ఉంది, తమలపాకు ఈనెలు లెక్కపెట్టొచ్చు, ఆకు అంచు నుంచి జారిన బెల్లం చుక్క ఆమె వేలి మీద మెరుస్తోంది. డీ5300లో పసుపు, చెమట, నీడ కలిసిపోయి చెంప మీద మచ్చలు మచ్చలుగా ఉంది, జుట్టు నల్ల ముద్ద. తేడా అక్కడ ఉంది, వెలుతురు లేనిచోట కదిలే మనుషుల మీద. ఫ్లాష్ కొట్టొచ్చు కదా అంటావేమో. ఆ పందిరికి ఎర్ర శామియానా. ఫ్లాష్ వెలుతురును పైకప్పుకు కొట్టి కిందికి తెచ్చుకుంటే (బౌన్స్ అంటాం) చుట్టాలందరూ కుంకుమలో మునిగి లేచినట్టు వస్తారు. ఫంక్షన్ హాల్లో తెల్ల సీలింగ్ ఉంటే ఆ బాధ లేదు, అక్కడ నీ 200డీ, ఒక మంచి ఫ్లాష్ ఉంటే ఎవడూ వేలెత్తి చూపడు.

అయితే ఆ రెండు ఫొటోలూ చిన్న సైజు ప్రింట్ తీసి పెండ్లికూతురి అన్నకు చూపిస్తే, ఏది ఏ కెమెరాదో చెప్పలేకపోయాడు. పెద్ద షీటు మీదికి వచ్చాకే తేడా తెలిసింది.

ఫుల్‌ఫ్రేమ్‌తో కొత్తగా ఒక తలనొప్పి కూడా వస్తుంది. వెనక అంతా మసకగా, మొహం ఒక్కటే తేలినట్టు ఉండే ఫొటోల మీద అందరికీ మోజు. పెద్ద సెన్సర్‌లో ఆ మసక ఇంకా ఎక్కువ. తలంబ్రాలప్పుడు ఎఫ్ 1.8లో తీస్తే పెండ్లికూతురి కన్ను పదునుగా వచ్చింది, పక్కనే ఉన్న పెండ్లికొడుకు చెవులు కరిగిపోయాయి, వెనక నిలబడ్డ వాళ్ల మేనత్త మబ్బులో మబ్బయింది. ఆల్బమ్ చూసి ఆమె అడిగిన మాట: ‘పట్టుచీర కట్టుకుని రెండు గంటలు నిలబడితే నన్ను మసక చేస్తివా?’ గ్రూప్ ఫొటో అంతా పదునుగా రావాలంటే ఎఫ్ 4, 5.6కు పోవాలి. అట్లా పోయినప్పుడల్లా పెద్ద సెన్సర్ ఇచ్చిన వెలుతురు లాభం తిరిగి చేజారుతుంది.

పిట్టల సంగతి రెండు ముక్కల్లో. నీ 55-250 చివర 250 దగ్గర, చిన్న సెన్సర్ నడిమి భాగాన్నే పట్టుకోవడం వల్ల, 200డీ మీద 400లా కనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 250 అంటే 250యే. కోయిల్‌సాగర్ గట్టు మీది నుంచి లకుముకి పిట్ట ఇప్పుడు ఎంత కనబడుతోందో అంత కనబడాలంటే 400 లెన్స్ కొనాలి, దాని ధర ఒకసారి కనుక్కో. పిట్టల కోసమే అయితే నీ దగ్గర ఉన్నదే మంచి కెమెరా.

కదలని వాటికి సెన్సర్‌తో పనే తక్కువ. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం వినే ఉంటావు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలిచి ఉంటుంది. లోపల చీకటి, నీడ పలచన. నేను గోడకు పెట్టుకునేంత మెచ్చిన ఫొటో ఆ పాత డీ5300తోనే తీశాను. పూజారిని అడిగి, భక్తులు లేని వేళ చూసి, ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, నాలుగు సెకన్లు. ఆ రోజు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన నా కెమెరాకు నాలుగింతల ధర ఉండేది చేత్తో పట్టుకుని 6400లో కొట్టుకుంటూ పోయాడు. నా ఫొటో ఇప్పటికీ మా షాపు గోడకు ఉంది. చూసినవాళ్లు ఏ కెమెరా అని అడుగుతారు, చెప్తే నమ్మరు.

సెన్సర్ గొడవలో పడి నువ్వు అడగని సంగతి ఒకటుంది, నా దృష్టిలో అదే పెద్దది. డీ750లో రెండు మెమరీ కార్డులు పెట్టొచ్చు. ప్రతి ఫొటో రెండింటిలో పడుతుంది. డీ5300 రోజుల్లో ఒక మైలపోలు ఫంక్షన్ మధ్యలో కార్డు చదవడం ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా కూర్చుంటే ముప్పావు వంతు ఫొటోలు వచ్చాయి, ఆ రాత్రి పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పెండ్లి మళ్లీ చేయమని అడగలేం కదా! నీ 200డీలో ఒకటే స్లాట్. ఆర్‌పీలోనూ, 6డీ మార్క్ 2లోనూ ఒకటే. ఫుల్‌ఫ్రేమ్ అయినా సరే. పైసలు తీసుకుని పెండ్లిళ్లు తీసేవాడు బాడీ మారిస్తే రెండు స్లాట్లు ఉన్నదే చూడాలి. నికాన్ జెడ్5లో రెండున్నాయి, క్యానన్ ఆర్6లో రెండున్నాయి, సోనీ ఏ7 3లో రెండున్నాయి.

బరువు కూడా గుర్తుపెట్టుకో. డీ750, 24-70 ఎఫ్ 2.8 కలిపితే కిలోముప్పావు. సాయంత్రం ఎదుర్కోలు నుంచి తెల్లారి అప్పగింతల దాకా మెడలో వేసుకుంటే రెండు రోజులు తల పక్కకు తిరగదు. నాకు అమృతాంజనం ఖర్చు అప్పటి నుంచే మొదలు.

అయితే ఏం చేయాలంటావు? నీ కిందటి నాలుగు పెండ్లిళ్ల ఫొటోలు తెరువు. పారేసిన ఫొటోలు ఎందుకు పారేశావో ఒక్కొక్కటి చూడు. చెయ్యి ఊగిందా, ఫోకస్ తప్పిందా, షట్టర్ 1/30లో ఉందా, లేక అన్నీ సరిగ్గా ఉండి కూడా గ్రెయిన్సేనా? నేను అట్లా కూర్చుని చూస్తే నాలుగింట మూడు వంతులు నా తప్పులే. మిగిలిన గ్రెయిన్స్ కోసం ముందు జేపెగ్ మానేసి ‘రా’లో (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫైలు) తీయి. 2023 నుంచి ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ డినాయిజ్ ఉంది, రా ఫైలు ఇస్తే గ్రెయిన్స్‌ను చాలావరకు తుడిచేస్తుంది. నేను మొదటిసారి దాన్ని పాత డీ5300 ఫొటో మీద నడిపినప్పుడు కాసేపు ఏం మాట్లాడలేదు. కాకపోతే కంప్యూటర్‌లో కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, లేకపోతే ఒక్కో ఫొటోకు టీ తాగి రావొచ్చు.

తర్వాత 50 ఎఫ్ 1.8, ఈఎఫ్ రకం, కొను. ఈఎఫ్-ఎస్ కాదు, ఈఎఫ్. అది ఈ రోజు 200డీకి ఎక్కుతుంది, రేపు క్యానన్ ఫుల్‌ఫ్రేమ్ కొంటే దానికీ (మిర్రర్‌లెస్ అయితే అడాప్టర్‌తో) నిండు సెన్సర్‌తో పనికొస్తుంది. 200డీ మీద అది 80లా కనిపిస్తుంది కాబట్టి ఇరుకు గదిలో మైలపోలు తీసేటప్పుడు వీపు గోడకు ఆనుతుంది, అప్పుడు 18-55కు మారు. ఒక ఫ్లాష్ కూడా కొను. రెండూ కలిపినా నీ లక్షన్నరలో ఎక్కువ భాగం మిగిలే ఉంటుంది.

ఆ తర్వాత కూడా నీకు రాత్రి ముహూర్తాలే ఎక్కువ వస్తూ, ఊళ్లలో పందిళ్ల కిందే పని ఉంటే, ఒక రాత్రికి హైదరాబాద్ నుంచి ఫుల్‌ఫ్రేమ్ బాడీ, అడాప్టర్ అద్దెకు తెచ్చుకో. నీ 50 లెన్స్‌ను దానికి ఒకసారి, దీనికి ఒకసారి పెట్టి ఒకే మండపంలో తీయి. స్క్రీన్ మీద వంద శాతం జూమ్ చేసి చూడకు, అట్లా చూస్తే ఎవడైనా కొత్తదే కొంటాడు. రెండూ 12×18 ప్రింట్ వేయించి నీ షాపు గోడకు అంటించు, వారం పాటు వచ్చినవాళ్లను ఏది బాగుందని అడుగు. అప్పుడు కూడా పెద్దదే గెలిస్తే నిశ్చింతగా కొను.

సెకండ్‌హ్యాండ్ అయినా ఫరవాలేదు. మూఢం పట్టినప్పుడు చూడు. ముహూర్తాలు లేక, చేతిలో పైసలు ఆడక, బాడీలు అమ్మకానికి పెట్టేవాళ్లు అప్పుడే ఎక్కువ, బేరానికి కూడా వంగుతారు. డీఎస్ఎల్ఆర్ అయితే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు కొట్టిందో ఆ లెక్క, చూపించమను. డీ750 షట్టర్‌ను కంపెనీ లక్షన్నర సార్లకు పరీక్షించింది. నాది కొనేటప్పటికి అరవై రెండు వేలు కొట్టి ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. పెండ్లిళ్ల సీజన్లు నాలుగు చూసిన బాడీ కౌంట్ రెండు లక్షలు దాటి ఉన్నా ఆశ్చర్యం లేదు. ‘ఇంట్ల వాడుకున్నదే అన్నా’ అని చెప్పి కౌంట్ చూపించనంటే, టీ తాగి బస్సెక్కి వచ్చెయ్.