నాలుగు రిజిస్టర్ల చిప్పుకి డ్రైవర్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

లైనక్స్ కర్నెల్ కోసం నువ్వు రాసి పంపిన సీరియల్ పోర్టు డ్రైవర్ చదివాను. ఆ పరికరంలో ఉన్నవే నాలుగు రిజిస్టర్లు (చిప్పుతో మాట్లాడటానికి వాడే చిన్న గదులు): రాసేది, చదివేది, స్టేటస్, కంట్రోల్. నువ్వేమో పెద్ద యూఆర్ట్‌కి (బిట్లను ఒక్కొక్కటిగా పంపి, అందుకునే సీరియల్ చిప్పుకి) సరిపడా కోడ్ రాశావు. లేని హార్డ్‌వేర్‌కి అంత కోడ్ దేనికి?

అన్నిటికన్నా ముందు ఆ రిజిస్టర్లు 16550 (పాత పీసీల్లోని పేరున్న యూఆర్ట్) వరసలో ఉన్నాయేమో చూడు. ఉంటే కొత్త డ్రైవరే అక్కర్లేదు, ఆ కుటుంబానికి కర్నెల్‌లో ముందే ఉన్న 8250 డ్రైవర్‌కి డివైస్ ట్రీలో (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో కర్నెల్‌కి చెప్పే వివరాల్లో) అడ్రసు, రిజిస్టర్ల మధ్య ఎడం, వెడల్పు చెబితే చాలావరకు పనైపోతుంది. అలా లేకపోతేనే సీరియల్ కోర్ (సీరియల్ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే కర్నెల్ కోడ్) మీద సొంతంగా మొదలుపెట్టు. కోర్ అడిగే ఫంక్షన్లలో సగం ఖాళీగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు, కానీ అబద్ధం చెప్పే ఫంక్షన్ మాత్రం ఉండకూడదు.

ఉదాహరణకి నీ టెర్మియోస్ ఫంక్షన్ (వేగం లాంటి పోర్టు సెట్టింగులు మార్చేది). వేగం హార్డ్‌వేర్‌లోనే 115200 దగ్గర బిగించి ఉంది, యూజర్ 9600 అడిగితే నువ్వు ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేస్తున్నావు, ఇక అతను ఎస్‌టీటీవై కమాండ్‌లో 9600 చూసుకుని తీగల్ని అనుమానిస్తూ కూర్చుంటాడు. అసలు వేగాన్నే టెర్మియోస్‌లో తిరిగి రాయి. పరికరానికి చేతకాని పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్), హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలివైపు సిద్ధంగా లేకపోతే పంపడం ఆపడం) ఫ్లాగులు కూడా తీసేయి.

మోడెమ్ లైన్ల (అవతలివైపు సిద్ధంగా ఉందో లేదో చెప్పే తీగల) స్థితి అడిగినప్పుడు సున్నా ఇస్తున్నావు. లైన్లే లేవు కదా, సున్నా సబబే అనిపిస్తుంది. కానీ కోర్‌కి దాని అర్థం క్యారియర్ (అవతలివైపు కనెక్షన్) లేదని, అందుకే సీలోకల్ (ఆ లైన్లను పట్టించుకోవద్దనే ఫ్లాగు) పెట్టని ప్రోగ్రామ్ పోర్టు తెరవబోయి అక్కడే ఆగిపోతుంది. క్యారియర్, డీఎస్‌ఆర్, సీటీఎస్ లైన్లు మూడూ ఉన్నట్టే చెప్పాలి. (ఇప్పుడే అబద్ధం వద్దన్నాను, ఇది మాత్రం ఆనవాయితీ.) జైలింక్స్ యూఆర్ట్‌లైట్ డ్రైవర్ కూడా అలాగే చేస్తుంది. చిన్న ఫైలు, ఒకసారి మొత్తం చదువు. పోర్టు టైపు నింపడం కూడా మర్చిపోకు, అది సున్నాగా ఉంటే పోర్టు తెరుచుకున్నట్టే ఉంటుంది గానీ రాయబోతే ఐఓ ఎర్రర్ వస్తుంది.

పంపడం మొదలుపెట్టే ఫంక్షన్‌ని కోర్ లాక్ పట్టుకుని, ఇంటరప్టులు (చిప్పు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) ఆపి పిలుస్తుంది. అక్కడ నిద్రపోయే పని ఏదీ పెట్టకు. ఫిఫోలో (చిప్పులోని చిన్న క్యూలో) చోటున్నంతవరకు నింపి బయటికొచ్చెయ్, మిగతాది ఇంటరప్టు చూసుకుంటుంది. ఇంటరప్టే లేని డిజైనైతే టైమర్ వాడు, లైట్‌యూఆర్ట్ డ్రైవర్ మొదట్లో అలాగే నడిచింది. నువ్వు చూసి రాసిన శాంపిల్ మాత్రం పాతది: 2024లో వచ్చిన లైనక్స్ 6.10 నుంచి ట్రాన్స్‌మిట్ బఫర్ కేఫిఫో (కర్నెల్ సొంత క్యూ) అయింది, హెడ్, టెయిల్ లెక్కలతో రాసిన కోడ్ ఇప్పుడు కంపైలే అవ్వదు.

కన్సోల్ రైట్ ఫంక్షన్‌లో (కర్నెల్ సందేశాలను పోర్టుకి పంపే చోట) డీబగ్ కోసం ప్రింట్‌కే (కర్నెల్ లాగ్‌లో సందేశం రాసే ఫంక్షన్) పెట్టావు, అది వెంటనే తీసెయ్. ఆ ప్రింట్ కూడా మళ్లీ ఆ కన్సోల్‌కే రావాలి కదా!

ప్యాచ్‌లను కర్నెల్ మెయింటెయినర్లకి పంపేటప్పుడు డివైస్ ట్రీ బైండింగ్‌ని (ఆ వివరాలు ఎలా రాయాలో చెప్పే ఫైలుని) వేరే ప్యాచ్‌గా, డ్రైవర్ కంటే ముందు పెట్టు. చెక్‌ప్యాచ్ (కోడ్ శైలి చూసే స్క్రిప్టు) నడిపాకే పంపు, ఎవరికి పంపాలో గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది.