షిప్ దిగనంటున్న పన్నెండేళ్లవాడు

ప్రశ్న: ఆగస్టు మొదటి వారంలో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాం. మేమిద్దరం, పన్నెండేళ్ల మా అబ్బాయి, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తగారు, మామగారు. జూనో, స్కాగ్వే, కెచికాన్, చివర్లో కెనడాలోని విక్టోరియా. ఒక్కో పోర్ట్‌లో ఒక్కో ఎక్స్‌కర్షన్ తీసుకుందామని నేను ఎక్సెల్ షీట్ వేసుకుని కూర్చుంటే, మావాడు "నేను షిప్‌లోనే ఉంటా, మీరు వెళ్లి రండి" అంటున్నాడు. వేల్స్ యూట్యూబ్‌లో చూశాడట, గ్లేసియర్ అంటే ఐసే కదట. ఇంత డబ్బు పోసి వెళ్తూ వాడి మాట వినేదేంటి, లాక్కెళ్దాం అని మావారు. ఏం బుక్ చేయమంటారు? వాణ్ని ఎలా ఒప్పించాలి?
— ఓ తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు ఆ ఎక్సెల్ షీట్ పక్కన పెట్టండి. నాలుగు పోర్టులకీ నాలుగు టూర్లు కొనేసి, ఆ తర్వాత వాణ్ని ఒప్పించాలని చూస్తే సెలవంతా బేరాలతోనే గడిచిపోతుంది. మీవారన్నట్టు లాక్కెళ్లనూ వచ్చు, పన్నెండేళ్లవాడు రాక ఎక్కడికి పోతాడు, కానీ వచ్చి మిగతా నలుగురి మూడ్ కూడా పాడుచేస్తాడు, ఆ విద్య ఈ వయసు పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

వాడు వద్దంటున్నది అలాస్కాని కాదని నా అనుమానం. ఇదివరకటి ప్రయాణాల్లో వాడికి విసుగు పుట్టించినదేదో ఒకటి ఉంటుంది. సెలవుల్లో కూడా ఆరింటికి లేపడం కావచ్చు, బస్సులో గైడు మైకు వదలకపోవడం కావచ్చు, అడుగడుక్కీ "తాతయ్య పక్కన నిలబడు, కాస్త నవ్వు" అని ఫోటోలు తీసి సాయంత్రానికల్లా వాటిని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కావచ్చు. ఎందుకు రావు అని అడిగితే "ఊరికే" అంటాడు, అంతకుమించి రాదు. పొద్దున్నే లేవడమా, బస్సా, నడకా, ఫోటోలా, వీటిలో ఏది చిరాకు అని అడగండి, ఒకటి చెప్తాడు. ఫోటోలైతే రోజుకి మూడే, అవీ వాడికి చూపించాకే గ్రూపులోకి, అని మాట ఇవ్వండి, ఇచ్చాక మీ అత్తగారు అడిగినా సరే దానిమీద నిలబడండి. లేవడమే బాధైతే మధ్యాహ్నం టూర్లు వెతకండి, జూనోలో అవి బోలెడు.

ఇక పోర్టుల సంగతి. అందరూ కలిసి వెళ్లేది ఒకటి, ఇద్దరు ఒకవైపు ముగ్గురు ఒకవైపు విడిపోయేది ఒకటి, పూర్తిగా వాడి చేతికి ఇచ్చేసేది ఒకటి, వదిలేసేది ఒకటి. నేనైతే ఇలా పెట్టుకుంటాను.

అందరూ కలిసి వెళ్లాల్సింది జూనో. వాడు యూట్యూబ్‌లో చూశానన్న వేల్స్ దగ్గరికే తీసుకెళ్లండి, కాకపోతే వీలైనంత చిన్న బోటులో. శీతాకాలం హవాయి దగ్గర గడిపే హంప్‌బ్యాక్ తిమింగలాల్లో చాలా భాగం వేసవిలో తిండి కోసం అలాస్కా తీరానికి వస్తాయి, అందుకే జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ కనిపించకపోవడమే అరుదు. వీడియోలో రానిది ఏంటంటే ఆ శబ్దం. బోటు ఇంజిన్ ఆపేశాక తిమింగలం నీళ్లపైకి వచ్చి ఊపిరి వదిలితే పెద్ద ప్రెజర్ కుక్కర్ విజిల్ పక్కనే వేసినట్టుంటుంది, గాలి మీవైపు ఉంటే కుళ్లిన చేపల కంపు కూడా కొడుతుంది. పెద్దవాళ్లు ముక్కు మూసుకుంటారు, పన్నెండేళ్లవాడికి మాత్రం స్కూల్లో చెప్పుకోడానికి అంతకన్నా మంచి విషయం దొరకదు. అయితే ఒక మాట ముందే చెప్పి ఉంచండి: అది కాసేపు వీపు చూపించి, తోక పైకెత్తి మునిగిందంటే మళ్లీ వచ్చేదాకా ఐదు పది నిమిషాలు ఖాళీ నీళ్లే. ఆ ఖాళీలో వాడు లోపల కూర్చుని ఫోన్ చూసుకుంటానంటే చూసుకోనివ్వండి, దానికి తిట్టొద్దు. ఇంట్లో బైనాక్యులర్స్ ఒకటే ఉంటే అది వాడి మెడలోనే ఉండాలి, కావలసినవాళ్లు వాణ్ని అడిగి తీసుకోవాలి.

బోట్లు బయల్దేరే ఆక్ బే, మెండెన్‌హాల్ గ్లేసియర్ రెండూ ఊరికి ఒకే వైపున ఉంటాయి కాబట్టి రెండూ కలిపి అమ్మే టూరే మేలు, ఒకే బస్సులో అయిపోతుంది. గ్లేసియర్ దగ్గర నగ్గెట్ ఫాల్స్ దాకా రానూపోనూ రెండు మైళ్లు, దాదాపు సమతలమైన బాట. మీ మామగారికి అంత ఓపిక లేకపోతే సిమెంటు బాట మీద నాలుగడుగులు వేస్తే చాలు, సరస్సుకి అవతల గ్లేసియర్ కనిపిస్తుంది. ఆ ఐసు మీద నడవొచ్చనుకుని వచ్చే పిల్లలు ఇక్కడ నీరసపడిపోతారు, అందుకని దూరం నుంచి చూడ్డమేనని ముందే చెప్పండి. ఐసు మీద దించే హెలికాప్టర్ టూర్లు ఉన్నాయి కానీ తలకి కొన్ని వందల డాలర్లు, పైగా మబ్బు పడితే రద్దు. ఐదుగురికి లెక్కేసుకుంటే గుండె గుభేలుమంటుంది. మీవారికి మరీ మోజుంటే తండ్రీకొడుకులిద్దరే వెళ్లి రావొచ్చు, లాక్కెళ్దామన్న ఆయనకి వాడితో ఒక పూట ఒంటరిగా గడిపినట్టూ ఉంటుంది.

విడిపోవాల్సింది స్కాగ్వేలో. ఇక్కడ అందరూ ఎక్కేది వైట్ పాస్ రైలు. 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తి చేసిన నారో గేజ్ లైను, ఇరవై మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. శిఖరం దాకా వెళ్లి వచ్చేసరికి మూడు గంటలకి కొంచెం తక్కువ. మీ అత్తమామలకి ఇంతకన్నా హాయైన టూర్ లేదు, కూర్చున్న చోటే లోయలూ జలపాతాలూ వస్తాయి, వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోమనండి. మీవాడు మాత్రం మొదటి అరగంట తర్వాత ఎంతసేపని అడుగుతాడు. వాడు వస్తానంటే రెండు పెట్టెల మధ్య బయటి ప్లాట్‌ఫామ్ మీద నిలబడనివ్వండి, అక్కడ గాలి, చప్పుడు అన్నీ ఉంటాయి. రానంటే మీరో మీవారో వాడితో ఊళ్లో ఉండిపోండి. ఊరు వెనకాల లోయర్ డ్యూయీ లేక్‌కి ఎక్కే బాట ఒకటుంది, మైలు కూడా లేదు కానీ నిట్టనిలువు, కుదురుగా కూర్చోలేని పిల్లలకి సరిగ్గా సరిపోతుంది.

వెళ్లేముందు ఆ ఊరి కథ ఒకటి చెప్పి చూడండి. 1897-98లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు, ఏడాదికి సరిపడా సరుకు, సుమారు ఒక టన్ను, చూపిస్తే తప్ప సరిహద్దులో కెనడా పోలీసులు లోపలికి రానిచ్చేవారు కాదు. అంటే మన 25 కిలోల సోనా మసూరి బస్తాలు 36. వాటిని మంచులో, కొండ మీదికి, కొంచెం కొంచెంగా వీపు మీద మోస్తూ మళ్లీ మళ్లీ దిగి ఎక్కారు. వైట్ పాస్ దారిలో గుర్రాలు ఎన్ని చచ్చాయంటే మూడు వేలని చెప్తారు, ఆ లోయ పేరే డెడ్ హార్స్ గల్చ్. చరిత్ర పాఠమంటే పారిపోయే పిల్లలు కూడా దీనికి చెవి ఒగ్గుతారు. ఊళ్లో నేషనల్ పార్క్ వాళ్ల విజిటర్ సెంటర్‌కి టికెట్ కూడా అక్కర్లేదు.

వాడి చేతికి ఇవ్వాల్సింది కెచికాన్. చాలా షిప్పులకి దిగితే ఊరే, కాబట్టి తప్పిపోయే భయం లేదు, నచ్చకపోతే పదిహేను నిమిషాల్లో వెనక్కి వచ్చేయొచ్చు. ఇంత డబ్బు, ఇంత టైము, ఇద్దరు ముగ్గురైనా కలిసి చేసేదై ఉండాలి అని మూడే షరతులు పెట్టండి, తర్వాత నోరు మెదపకండి. దుంగలు కోసేవాళ్ల పోటీ షో ఉంది, రేవుకి పక్కనే, గట్టిగా అరవడమే ప్రేక్షకుల పని. జిప్‌లైన్ ఉంది, దానికి బరువు పరిమితులుంటాయి కాబట్టి చూసుకుని కొనండి. టోటెమ్ స్తంభాలు, అంటే ఇక్కడి ఆదివాసులు బొమ్మలు చెక్కి నిలబెట్టిన పెద్ద దుంగలు, చూడాలంటే శాక్స్‌మన్ అనే ఊరు రెండున్నర మైళ్లే. ఇవేవీ వద్దు, క్రీక్ స్ట్రీట్ వంతెన మీద నిలబడి చేపలు చూస్తానన్నాడనుకోండి, సరేననండి. ఆగస్టులో ఆ వాగు నిండా సాల్మన్లే. ఒకటి ఎగిరి రాయికి కొట్టుకుని కింద పడుతుంది, మళ్లీ ఎగురుతుంది, మళ్లీ పడుతుంది, కింద సీల్ ఒకటి నోరు తెరుచుకుని కాచుకుని ఉంటుంది. దీనికి ఏ కంపెనీ టికెట్ అమ్మలేదు. అన్నట్టు కెచికాన్‌లో ఏడాదికి 150 అంగుళాల దాకా వాన, మన కోస్తాలో పడేదానికి మూడింతలకి పైనే. గొడుగులు ఇంట్లో వదిలేసి అందరికీ రెయిన్ జాకెట్లు పెట్టండి, తడిసిన పిల్లాణ్ని ఏ టూరూ మురిపించలేదు.

విక్టోరియా వదిలేయండి. షిప్ సాయంత్రం చేరి అర్ధరాత్రికల్లా బయల్దేరుతుంది, మర్నాడు పొద్దున్నే సియాటిల్‌లో దిగాలి, సామాన్లు సర్దాలి. ఆ మాత్రం దానికి పూలతోట చూడ్డానికి బస్సెక్కి పరిగెత్తడమెందుకు? విదేశీ జెండా షిప్పులు మధ్యలో వేరే దేశపు రేవు తాకకుండా అమెరికాలో ఎక్కించినవాళ్లని తిరిగి అమెరికాలోనే దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది, అందుకోసం ఆగడమే తప్ప మీకు ఊరు చూపించడానికి కాదు.

వేల్స్‌దీ రైలుదీ ఇప్పుడే బుక్ చేయండి, ఆగస్టువి నిండిపోతాయి. కెచికాన్ మాత్రం వాడు తేల్చుకునేదాకా ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: మేం లండన్‌లో ఉంటాం. జులైలో మెడిటరేనియన్ క్రూజ్, అందులో రోమ్, నేపుల్స్ ఉన్నాయి. పదకొండేళ్ల మా అమ్మాయి "పాత రాళ్లు చూడ్డానికి నేను రాను" అని ముందే చెప్పేసింది. షిప్ వాళ్ల టూర్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. సొంతంగా వెళ్తే షిప్ మిస్సవుతామేమోనని మా ఆవిడ టెన్షన్. ఏది మంచిది?
— ఓ తండ్రి

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది. షిప్ వాళ్ల టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి పోర్ట్‌కి చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే మీ తిప్పలు మీవి. అందుకని దూరాన్ని బట్టి తేల్చుకోండి. రోమ్ అని రాస్తారు గానీ షిప్ ఆగేది చివిటవెక్కియాలో, అక్కడి నుంచి రోమ్ డెబ్బై ఎనభై కిలోమీటర్లు. ఆ ఒక్క రోజుకి షిప్ టూర్, లేకపోతే షిప్ బస్సు మాత్రమే తీసుకుని ఊళ్లో మీ దారిన తిరగడం. నేపుల్స్‌లో రేవు ఊళ్లోనే ఉంది కాబట్టి అక్కడ సొంతంగా వెళ్లండి, అన్నీ ముగించుకుని షిప్ గడువుకి రెండు గంటల ముందే రేవు దగ్గరుండేలా చూసుకోండి. గడియారం మాత్రం షిప్ టైమే పెట్టుకోండి.

పాత రాళ్లంటే పాపకి పడదంటే జులై ఎండలో పాంపేయికి తీసుకెళ్లకండి. అది నీడ లేని మహా పట్నం, మధ్యాహ్నానికి పెద్దవాళ్లకే కాళ్లు పీక్కుపోతాయి. నేపుల్స్ నుంచి పాంపేయికి వెళ్లే రైలు లైన్లోనే ముందు వచ్చే ఎర్కొలానో స్టేషన్‌లో దిగితే హెర్క్యులేనియం. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు ఇదీ పూడిపోయింది, కానీ పాంపేయి ముక్కలో ముక్క అంత ఉంటుంది, రెండు గంటల్లో చూసేయొచ్చు. ఇక్కడ రాళ్లే కాదు, బొగ్గైపోయిన చెక్క తలుపులు, మంచాలు, మేడ గదులు కూడా మిగిలాయి. ఒకప్పటి సముద్రతీరంలో పడవలు పెట్టుకునే కమాను గదుల్లో, తప్పించుకోడానికి పడవల కోసం ఎదురుచూస్తూ చనిపోయినవాళ్ల అస్థిపంజరాలు మూడు వందల దాకా దొరికాయి. మీ పాప అలాంటివి చూసి రాత్రి నిద్రపోని రకమైతే ఆ వైపు వెళ్లకండి, కాకపోతే పాత రాళ్ల మాట మళ్లీ ఎత్తదు. స్టేషన్ నుంచి వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు, ఆ ఎక్కేటప్పుడే ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి.

రోమ్‌లో ఒక్కటే చూడండి. కొలోసియమో, వాటికనో, రెండూ ఒకే పూటలో పెట్టుకుంటే పాపే కాదు, మీరూ దేన్నీ చూడరు.

ప్రశ్న: నేను కాకినాడ నుంచి సియాటిల్‌లో మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను. వాళ్లతో అలాస్కా షిప్పుకి నన్నూ తీసుకెళ్తున్నారు. మనవడికి పదకొండేళ్లు, ఊళ్లు తిరగడం వాడికీ ఇష్టం లేదు, నాకు మోకాళ్లు సహకరించవు. మేమిద్దరం షిప్‌లోనే ఉండిపోతే తప్పా? అమ్మాయి డబ్బులు దండగంటుంది.
— ఓ అమ్మమ్మ

జవాబు: తప్పేం లేదమ్మగారూ, ఒక పోర్ట్‌లో తప్పకుండా ఉండిపోండి. జనమంతా దిగిపోయాక ఈతకొలను దగ్గర కుర్చీ దొరుకుతుంది, స్లయిడ్ దగ్గర క్యూ ఉండదు, మనవడికి షిప్ మొత్తం తనదే అన్నట్టుంటుంది. అన్ని పోర్టుల్లోనూ ఉండిపోతానంటే మాత్రం నేను మీ అమ్మాయి పక్షమే. దిగేముందు అమ్మాయీ అల్లుడూ గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లో మీ పేరు, వాళ్ల ఫోన్ నంబర్లు చెప్పి వెళ్లాలి, పిల్లల క్లబ్బు నుంచి వాణ్ని తీసుకొచ్చేందుకు మీకు అనుమతి రాయించాలి. అలాస్కా ఊళ్లలో వాళ్ల అమెరికా ఫోన్లు మామూలుగానే పనిచేస్తాయి. సముద్రంలో ఉన్నప్పుడు మాత్రం ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమనండి, షిప్ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు వాచిపోతుంది.

మీరు అడగలేదు గానీ దీనికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మీది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి షిప్ విక్టోరియాలో ఆగేటట్టైతే మీకు కెనడా వీసా కావాలి, మీరు అక్కడ కాలు కింద పెట్టకపోయినా సరే. అమెరికా వీసా ఉంది కదా అని ఊరుకుంటే సియాటిల్ రేవులోనే ఎక్కనివ్వరు. అమ్మాయి వాళ్లకి గ్రీన్ కార్డుంటే ఆ కార్డు, పాస్‌పోర్టు చాలు. హెచ్-1బి అయితే వాళ్లకీ కెనడా వీసా కావాలి. స్కాగ్వే నుంచి కెనడాలోని యూకాన్‌కి వెళ్లే బస్సు టూర్లు కూడా సరిహద్దు దాటుతాయి, వాటికీ ఇదే లెక్క. పైన చెప్పిన రైల్లో శిఖరం దాకా వెళ్లి దిగకుండా వచ్చేస్తే మాత్రం ఆ గొడవ లేదు. కెనడా వాళ్లు వేలిముద్రలు కూడా అడుగుతారు, టైము పడుతుంది, కాబట్టి కాకినాడలో ఉండగానే అప్లై చేసేయండి.