ఈజిప్టు తోట థీమ్ అంటే పిరమిడ్ కాదు, ముందు నీళ్ళు పెట్టండి

పూల ప్రదర్శనకి పురాతన ఈజిప్టు తోటల థీమ్ ఇచ్చారు, గులాబీ రంగు తామరలు పెడితే సరిపోతుందా అని అడిగారు కదా. తామర మాత్రం వద్దండి, దయచేసి. తామర ఈజిప్టుకి వెళ్ళింది పర్షియన్ల కాలంలో, అప్పటికి ఫారో, అంటే ఈజిప్టు రాజు, టుటన్‌ఖామున్ పోయి సుమారు 800 ఏళ్ళు. ఫారోల కాలం సమాధుల గోడల మీద ఉండేది కలువ, ముఖ్యంగా నీలి కలువ.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, మా ఊరి తోటల క్లబ్ వాళ్ళు వేసవిలో ఇదే థీమ్ చేశారు. కమిటీలో ఒకాయన థర్మాకోల్ పిరమిడ్, గోల్డ్ పెయింట్ కొట్టిన స్ఫింక్స్ (సింహం ఒంటికి మనిషి తల ఉన్న బొమ్మ), చుట్టూ బంతిపూలు, బోగన్‌విలియా అన్నాడు. బంతి మెక్సికోది, బోగన్‌విలియా దక్షిణ అమెరికాది, ఈజిప్టు వాళ్ళు వాటిని కలలో కూడా చూసి ఉండరు. పైగా తెల్ల పూలకి నీలం స్ప్రే కొడదాం అన్నారు, ఈ స్ప్రే పిచ్చి అన్ని చోట్లా పాకింది, పెళ్ళి స్టేజీల మీద కూడా చూస్తున్నాం, పువ్వుకి ఉన్న రంగు చాలదా అసలు?

నేను పట్టుబట్టి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, నెబామున్ అనే ఈజిప్టు అధికారి సమాధి చిత్రం ఫోటో చూపించా, క్రీ.పూ. 1350 ప్రాంతంది. మధ్యలో దీర్ఘచతురస్రం కొలను, అందులో చేపలు, బాతులు, కలువలు, గట్టు వెంబడి ఖర్జూరం, మన మేడి జాతికే చెందిన సికమోర్ అత్తి చెట్లు. వాళ్ళ తోటకి ప్రాణం ఆ నీళ్ళే, ఎడారి పక్కన బతికే మనిషికి నీడా నీళ్ళూ దొరికితే అదే స్వర్గం. 2017లో ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఒక సమాధి ముందు 4,000 ఏళ్ళ నాటి తోట బయటపడింది, మట్టి గట్లు కట్టి ఒక్కోటీ అడుగు చదరం ఉండే మడులు చేశారు, మనం ఆకుకూరల మడులు కట్టినట్టే.

ఆఖరికి నా మాటే నెగ్గింది. తొట్టిలో గ్రీన్‌హౌస్‌లో పెంచిన నీలి కలువలు పెట్టాం, పక్కన ఈజిప్టు వాళ్ళు నీళ్ళు తోడే తీరులో చిన్న ఏతం కట్టాం, కర్రకి ఒక కొసన బాన, రెండో కొసన మట్టి ముద్ద బరువు. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ దాన్ని చూసి ఆగిపోయారు. "ఇది ఏతమే కదమ్మా, మా నాన్న దూలం మీద ఎక్కి నడుస్తూ తొక్కేవాడు, వీళ్ళెవరూ ఎక్కరా?" అన్నారు. ఎక్కరు అత్తయ్యా, వాళ్ళు కింద నిలబడే తాడు లాగుతారు అని చెప్పా. ఆవిడ బానలో చెయ్యి పెట్టి తడి చూసి, బరువు సరిపోలేదమ్మా, ఇంకో ముద్ద వెయ్యండి అన్నారు. వేశాం, నిజంగానే తేలిగ్గా లేచింది.

పూలకి ఇంకోటి చెప్తా, హారం చెయ్యండి. టుటన్‌ఖామున్ శవపేటిక మీద పెట్టిన పూలహారంలో ఆలివ్ ఆకులు, నీలం కార్న్‌ఫ్లవర్లు, నీలి కలువ రేకులు, వాటి మధ్య గుచ్చిన ఎర్రటి చిన్న పళ్ళు ఉన్నాయి, ఆ పళ్ళు మన అశ్వగంధవే. ఆ పూలూ పళ్ళూ వచ్చే కాలాన్ని బట్టే ఆయన్ని మార్చి మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరులోపు పూడ్చారని లెక్క కట్టారు. ఒక్క హారం ఇంత కథ చెప్తుంటే బంగారు స్ఫింక్స్ ఎందుకండీ?

ఇంకోటి, నీలి కలువ పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది, అందుకే వాళ్ళకి అది సూర్యుడి పువ్వు. మా దగ్గర మధ్యాహ్నం వచ్చిన వాళ్ళందరూ వాడిపోయాయి అనుకున్నారు, ప్రతి ఒక్కరికీ విడమర్చి చెప్పాల్సి వచ్చింది. కాబట్టి మీ జడ్జీలు ఎన్నింటికి వస్తారో ముందే కనుక్కోండి, పదింటికైతే నిశ్చింతగా పెట్టుకోండి, భోజనాల తర్వాతైతే పువ్వు విచ్చుకునే టైమూ, ముడుచుకునే టైమూ బోర్డు మీద రాయండి.