వాయిస్ఓవర్‌తో మ్యాక్ డిక్షనరీలో పదానికి అర్థం చూసుకోవడం: నేను చేసే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది. కావలిలో డిగ్రీ చదువుతున్నారు, చూపు లేదు. అన్నయ్య తను వాడిన మ్యాక్‌బుక్ మీకిచ్చాడు. తెర మీది మాటలు చదివి వినిపించే వాయిస్ఓవర్‌తో ఇంగ్లీషు పాఠం వింటూ తెలియని పదం దగ్గర ఆగి కంట్రోల్, కమాండ్, డి కలిపి నొక్కితే ఆ పదం వదిలేసి ఇంకేదో పదానికి అర్థం చెబుతోంది. ఒక్కోసారి అసలు పలకడమే లేదు. చివరికి ప్రతిసారీ పక్కనున్న అమ్మాయిని అడగాల్సి వస్తోంది.

టెన్షన్ పడకండమ్మా, ఇందులో మీ తప్పేం లేదు. ఆ మూడు కీలు మౌస్ పాయింటర్ కింద ఏ పదం ఉంటే దాన్ని పట్టుకుంటాయి. మనం మౌస్ ముట్టుకోం కదా. మీరు పాఠం మధ్యలో ఉంటే పాయింటర్ ఏ మూలో పడి ఉంటుంది. దాన్ని ముందు మీ దగ్గరికి పిలవాలి. కంట్రోల్, ఆప్షన్, కమాండ్, ఎఫ్5 కలిపి నొక్కితే పాయింటర్ వాయిస్ఓవర్ కర్సర్ ఉన్నచోటికి, అంటే అది చదువుతున్న చోటికి వస్తుంది. ల్యాప్‌టాప్ కాబట్టి వీటితోపాటు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. తర్వాత కంట్రోల్, ఆప్షన్, ఎఫ్5 నొక్కితే పాయింటర్ కింద ఏముందో చెబుతుంది. సరిగ్గా వచ్చిందని తెలిశాక కంట్రోల్, కమాండ్, డి నొక్కండి.

ఇది పని చేస్తుంది గానీ, పెద్ద పేరా మధ్యలో నాకు చాలాసార్లు పక్క పదం తగులుకుంది. అందుకే నేను రోజూ వాడేది ఇది కాదు. నేరుగా డిక్షనరీ యాప్ తెరిచి, పదం నా చేత్తో టైప్ చేస్తాను. మీకూ అదే చెబుతాను, కారణంతో సహా.

నాది నెల్లూరు పక్కన కోవూరు. పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పుడు ఒంగోలు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. కంప్యూటర్ కొత్తగా వాడేటప్పుడు ఒక యుద్ధం కథ వింటున్నాను. అందులో 'కర్నల్' వచ్చి సైనికులకు ఆర్డర్లు వేస్తున్నాడు. ఆ మాట ఎలా వినిపించిందో అలాగే కె-ఇ-ఆర్-ఎన్-ఇ-ఎల్ అని కొట్టి డిక్షనరీలో చూశాను. గింజ లోపలి పప్పు అని వచ్చింది. వేరుశనగ పప్పుకీ యుద్ధానికీ సంబంధం ఏమిటో తెలియక ఆ పూటంతా అక్కడే ఆగిపోయాను. మర్నాడు తోటి మాస్టారు చెప్పారు, దాని స్పెల్లింగు సి-ఓ-ఎల్-ఓ-ఎన్-ఇ-ఎల్ అని. తెలుగులో ఎలా పలుకుతామో అలాగే రాస్తాం. ఇంగ్లీషులో ఆ హామీ లేదు. చూపున్నవాళ్ళ కంటికి అక్షరాలు తెలియకుండానే ఆనుతాయి. మనకు చెవి ఒక్కటే దారి కాబట్టి అక్షరాలు పనిగట్టుకుని వినాలి.

అందుకని తెలియని పదం మీద ఆగగానే కంట్రోల్, ఆప్షన్ పట్టుకుని డబ్ల్యూ నొక్కండి, పదం పలుకుతుంది. వెంటనే రెండోసారి నొక్కితే అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. మూడోసారి నొక్కితే ఆల్ఫా, బ్రావో, చార్లీ అని ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెబుతుంది. బి, డి, పి, టి ఒకేలా వినిపించి తికమక పెట్టేచోట ఈ మూడోది ప్రాణం నిలబెడుతుంది. ప్రతిసారీ రెండు కీలు పట్టుకోవడం కష్టమనిపిస్తే సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ని వాయిస్ఓవర్ కీగా పెట్టుకోవచ్చు. నాకు అదే అలవాటు.

అక్షరాలు విన్నాక కమాండ్, స్పేస్ నొక్కి డిక్షనరీ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. యాప్ తెరుచుకుంటుంది, కర్సర్ సెర్చ్ బాక్సులోనే ఉంటుంది. పదం టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కంట్రోల్, ఆప్షన్, కుడి బాణంతో జరుగుతూ అర్థం ఉన్న భాగానికి వెళ్ళి, కంట్రోల్, ఆప్షన్, షిఫ్ట్, కింది బాణంతో లోపలికి దిగండి. అక్కడ కంట్రోల్, ఆప్షన్, ఎ నొక్కితే మొత్తం చదువుతుంది. ఆపాలంటే కంట్రోల్ ఒక్కటి చాలు. మొదట్లో ఉచ్చారణ గుర్తులు వస్తాయి, వాటిని వాయిస్ఓవర్ వింతగా చదువుతుంది. ఏదో చెడిపోయిందని కంగారు పడకుండా దాటిపోండి.

పదాన్ని కాపీ చేసి అతికించడం ఇంకా తేలిక, నిజమే. వద్దంటాను. రేపు పరీక్షలో మీ జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ మీ పక్కన కూర్చుని "స్పెల్లింగ్ చెప్పక్కా" అంటే చెప్పాల్సింది మీరే. నా డిగ్రీ పరీక్షల్లో ఆ మాట అడిగినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఒక్కో పదాన్ని వేళ్ళతో నాలుగుసార్లు కొట్టాక ఆ భయం పోయింది.

నా చిన్నప్పుడు డిక్షనరీ అంటే మా అక్కే. బ్రెయిలీలో ఇంగ్లీషు డిక్షనరీ అంటే ఒక పుస్తకం కాదు, బీరువా నిండే సంపుటాలు. అవి మా ఇంట్లో ఎక్కడివి? తెలియని పదాలు పగలంతా మనసులో పెట్టుకుని, సాయంత్రం అక్క వసారాలో బియ్యం చెరిగేటప్పుడు పక్కన చేరేవాణ్ణి. అక్క చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, పాకెట్ డిక్షనరీ తీసేది. రోజుకు ఐదు పదాలని నాకు నేనే లెక్క పెట్టుకున్నాను, అంతకన్నా అడగాలంటే మొహమాటం. అక్క ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ పని మధ్యలో మొదటి అర్థం చదివి మూసేసేది, నేనూ అదే పట్టుకుని వెళ్ళిపోయేవాణ్ణి. 'టెండర్' అంటే లేత, సుకుమారం అని అలాగే నేర్చుకున్నాను. కాంట్రాక్టర్లు వేసే టెండరు కూడా ఆ స్పెల్లింగుతోనే ఉంటుందనీ, రాజీనామా సమర్పించడానికీ అదే క్రియ వాడతారనీ, పెద్ద ఓడకు సరుకు చేరవేసే పడవనూ అలాగే అంటారనీ డిక్షనరీ యాప్‌లో చివరిదాకా విన్న రోజున తెలిసింది. ఆ రాత్రి వరుసగా ముప్పై పదాలు చూశాను. ఎవరి చేతి పనీ ఆపకుండా ముప్పై పదాలు! అందుకే చెబుతున్నాను, మొదటి అర్థం వినగానే కంట్రోల్ నొక్కి ఆపేయకండి.

ఒక్కసారి సెట్టింగులు కూడా సరిచేసుకోండి. యాప్ తెరిచి ఉండగా కమాండ్, కామా నొక్కితే డిక్షనరీల జాబితా వస్తుంది. మన పాఠాల్లో ఉండేది బ్రిటిష్ స్పెల్లింగు కాబట్టి బ్రిటిష్ ఇంగ్లీషు డిక్షనరీకి టిక్ పెట్టుకోండి, పర్యాయపదాలది కూడా. వికీపీడియాకి టిక్ తీసేయండి, వినాల్సిన గోల తగ్గుతుంది. దానికి నెట్ కావాలి. మిగతావి ఒకసారి డౌన్‌లోడ్ అయితే నెట్ లేకపోయినా పలుకుతాయి. ఎండాకాలం కరెంటు పోయి వైఫై ఆగినప్పుడు ఆ విలువ తెలుస్తుంది.

ఇంకొకటి. వాయిస్ఓవర్ యుటిలిటీ అనే దాని సెట్టింగుల యాప్‌లో ఉచ్చారణల పట్టిక ఒకటి ఉంది, కొందరు దాన్నే డిక్షనరీ అనుకుని వెతుకుతుంటారు. విండోస్‌లో వాయిస్ఓవర్‌లాగే చదివి వినిపించే ఎన్‌వీడీఏ వాడేవాళ్ళకు స్పీచ్ డిక్షనరీ అనే పేరుతో అలాంటిదే ఉంటుంది. అవి అర్థం చెప్పవు, మాటను ఎలా పలకాలో నేర్పడానికి. అయితే అదీ పనికొచ్చేదే. మన ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ ఇంగ్లీషు గొంతు ఖూనీ చేస్తుంటే అక్కడ సరిచేసుకోవచ్చు. తెలుగు పాఠాలకైతే ఆ తిప్పలే లేదు, 2022లో వచ్చిన వెంచురా అనే మ్యాక్ వెర్షన్ నుంచి మ్యాక్‌లో తెలుగు గొంతే ఉంది. మీ మ్యాక్‌బుక్ మరీ పాతదైతే వెంచురా ఎక్కుతుందో లేదో అన్నయ్యను చూడమనండి.

యాప్ పాతదైనా పర్వాలేదు. డిక్షనరీ యాప్, వాయిస్ఓవర్ రెండూ 2005లో టైగర్ అనే ఒకే వెర్షన్‌తో మ్యాక్‌లోకి వచ్చాయి, కాబట్టి నేను చెప్పిన కీలు మీ దాంట్లోనూ దాదాపు ఇలాగే ఉంటాయి.

ఈ రోజు పాఠంలో మిమ్మల్ని ఆపిన పదాలు ఒక మూడు తీసుకుని చేసి చూడండి. అర్థం ఉన్న భాగంలోకి దిగేచోట మొదటిసారి తడబడతారు. అక్కడ వాయిస్ఓవర్ ఏమంటోందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి, నేను కీబోర్డు ముందు కూర్చుని మీతోపాటే చేస్తాను.