వేసవి రెండు నెలలకు 40,000 డాలర్లు: లెక్కలో పదమూడో నెల

ప్రశ్న: అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని, గ్రీన్‌కార్డు ఉంది. తొమ్మిది నెలలకు జీతం 1,30,000 డాలర్లు. వేసవిలో మరో రెండు నెలల జీతం ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంటు నుంచి వస్తుంది. ఇంకో దేశంలోని విశ్వవిద్యాలయం వేసవిలో రెండు నెలలు విజిటింగ్ ప్రొఫెసర్‌గా రమ్మంటోంది. 40,000 డాలర్లు అక్కడి బ్యాంకులోనే వేస్తారట. నా పాత విద్యార్థి పెట్టిన స్టార్టప్ కూడా సలహాదారుగా ఏడాదికి 6,000 డాలర్లు, ఒక శాతం షేర్లు ఇస్తానంటోంది. పన్ను తక్కువ పడేలా ఎలా తీసుకోవాలి? యూనివర్సిటీకి చెప్పాలా?

జవాబు: చెప్పాలి, అదీ సంతకాలు పెట్టకముందే. పన్ను సంగతి తర్వాత, ముందు నెలలు లెక్కపెట్టండి. యూనివర్సిటీకి తొమ్మిది, గ్రాంటుకు రెండు, విదేశానికి రెండు. మొత్తం పదమూడు! గ్రాంటు జీతం తీసుకున్న నెలలో ఆ ప్రాజెక్టు మీదే పనిచేశానని ఎఫర్ట్ రిపోర్టులో (ఏ పనికి ఎంత సమయం పెట్టారో చెప్పే పత్రం) ధ్రువీకరించేది మీరే. అదే నెలకు ఇంకోచోట జీతం పుచ్చుకుంటే ఒకే నెలను ఇద్దరికి అమ్మినట్టు.

పోనీ గ్రాంటు నెలలు వదులుకుంటే? మీ నెల జీతం 14,444 డాలర్లు, రెండు నెలలకు 28,889. అంటే 40,000లో కొత్తగా చేతికొచ్చేది 11,111 మాత్రమే. పన్నులు, ప్రయాణం, అక్కడి అద్దె అందులోంచే పోవాలి. వేసవి జీతం మీద యూనివర్సిటీ రిటైర్మెంటు వాటా జమ చేస్తుంటే అదీ పోతుంది. పైగా ప్రధాన పరిశోధకుడి ఎఫర్ట్ 25 శాతం, ఆపైన తగ్గాలంటే ఎన్‌ఐహెచ్ ముందస్తు అనుమతి కావాలి.

ఇంతకన్నా మంచి బేరం ఒకటుంది. పన్నెండులో పదకొండు నెలలు నిండాయి, ఒకటి ఖాళీ. ఒక్క నెలకే వస్తానని, 20,000 ఇమ్మని అడగండి. గ్రాంటు జీతం చెక్కుచెదరదు, వచ్చిందంతా అదనమే. విశ్రాంతి ఉండదన్నది మాత్రం నిజం.

అనుమతి వచ్చాక ఆ పదవి ఎన్‌ఐహెచ్ బయోస్కెచ్‌లో (మీ అర్హతలు, పదవుల పత్రం), అదర్ సపోర్ట్ పత్రంలో (మీ పరిశోధనకు అందే ఇతర వనరుల జాబితా) కనిపించాలి. జీతం లేని పదవైనా బయోస్కెచ్‌లో రాయాల్సిందే. విదేశీ ఒప్పందం నకలు జతచేయాలి, ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదంతో సహా. పిలిచింది చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల్లో ఏదైనా అయితే, అది టాలెంట్ ప్రోగ్రాం (పరిశోధకులను రప్పించుకునే విదేశీ పథకం) కిందకొస్తుందేమో యూనివర్సిటీ పరిశోధన కార్యాలయం తేల్చేదాకా కాగితం ముట్టుకోకండి. 2022 నాటి చిప్స్ అండ్ సైన్స్ చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది.

దాస్తే ఏమవుతుందో హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త ఛార్లెస్ లీబర్ కేసు చెబుతుంది. 2021 డిసెంబర్‌లో జ్యూరీ ఆరు అభియోగాల్లో ఆయన్ను దోషిగా తేల్చింది. వాటిలో రెండు ప్రభుత్వాధికారులకు అబద్ధం చెప్పినందుకు, రెండు తప్పుడు పన్ను రిటర్నులకు, రెండు విదేశీ ఖాతా చూపనందుకు. విదేశంలో పనిచేయడమే నేరమన్న అభియోగం వాటిలో లేదు.

ఇక స్టార్టప్. ఎన్‌ఐహెచ్ నిధులున్నవారికి 5,000 డాలర్లు దాటిన కన్సల్టింగ్ ఆదాయం, లిస్టు కాని కంపెనీలో ఒక్క షేరైనా సరే, మీ వృత్తి బాధ్యతలకు సంబంధించినదైతే వెల్లడించాలి. చేతికొచ్చిన 30 రోజుల్లోపు. షేర్లు వెస్టింగ్ షరతుతో (కొంతకాలం పనిచేస్తేనే మీవయ్యేలా) ఇస్తే 83(బి) ఎన్నిక (వాటి విలువ మీద పన్ను ఇప్పుడే లెక్కించమనే ఎంపిక) ఐఆర్ఎస్‌కు పంపడానికీ 30 రోజులే గడువు. ఒకటి పంపి రెండోదీ అయిపోయిందనుకుంటారు చాలామంది. ఒకటి యూనివర్సిటీకి, ఇంకోటి పన్నుశాఖకు. 83(బి) గడువు తప్పితే మాత్రం మళ్లీ అవకాశం రాదు.

ఆ ఒప్పందంలో ఆవిష్కరణల హక్కుల పేరా న్యాయవాదికి చూపించండి. స్టాన్‌ఫర్డ్‌కు, మందుల కంపెనీ రోష్‌కు మధ్య నడిచిన వ్యాజ్యంలో (సుప్రీంకోర్టు, 2011) పరిశోధకుడు యూనివర్సిటీకి ‘హక్కులు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను’ అని, తర్వాత సెటస్ కంపెనీకి (దాని హక్కులు ఆపైన రోష్‌కు చేరాయి) ‘ఇందుమూలంగా ఇస్తున్నాను’ అని సంతకం చేశాడు. కంపెనీ కాగితమే నెగ్గింది. మీ ప్రస్తుత విద్యార్థులను ఆ స్టార్టప్ పనికి పంపడం కూడా అనుమతి లేకుండా వద్దు. చాలా యూనివర్సిటీలు బయటి పనికి వారానికి ఒక రోజే ఇస్తాయి, మీ పరిమితి ఎంతో చూసుకోండి.

పన్ను విషయానికొస్తే, విదేశంలో సంపాదించిన డబ్బుకు మినహాయింపు ఉంటుందన్న ఆశ వదలండి. పన్నెండు నెలల వ్యవధిలో 330 రోజులు బయటుండాలి, లేదా అక్కడే స్థిర నివాసం ఉండాలి. అక్కడ కట్టిన ఆదాయపు పన్నుకు ఫారం 1116తో క్రెడిట్ తీసుకోవచ్చు. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి నిల్వ ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. వీలైతే నేరుగా అమెరికా ఖాతాలోనే వేయమనండి.

స్టార్టప్ ఇచ్చే 6,000 పన్ను రిటర్నులో షెడ్యూల్ సీలో (స్వయం ఉపాధి ఆదాయపు పత్రం) చూపాలి. ఖర్చులేమీ లేకపోతే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను దాదాపు 850 డాలర్లు, ఆదాయపు పన్ను దానికి అదనం. మూడు నెలలకోసారి కట్టే తలనొప్పి వద్దనుకుంటే యూనివర్సిటీ జీతంలో కోత పెరిగేలా డబ్ల్యూ-4 మార్చుకోండి. సెప్-ఐఆర్ఏ (స్వయం ఉపాధి వారి రిటైర్మెంటు ఖాతా) తెరిస్తే ఇందులో సుమారు 1,100 డాలర్లు పన్ను పడకుండా దాచుకోవచ్చు.

ఇది చదివే హెచ్1బీ వారికి ఒక మాట: యూనివర్సిటీ అనుమతిచ్చినా, ఆ కంపెనీ మీ కోసం విడిగా పిటిషన్ వేయకుండా ఆ 6,000 పని చేయడానికి వీల్లేదు.