గజ్జల్లో దురద: తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 34 ఏళ్లు. నెల్లిమర్లలో జూట్ మిల్లు పని. ఏడాదిగా గజ్జల్లో ఎర్రగా, గుండ్రంగా పొక్కి ఒకటే దురద. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. ఇప్పుడు అంగం మీదికీ పాకింది. ఇది సుఖవ్యాధా? ఇంట్లో చెప్పలేకపోతున్నాను.
- ఓ పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది సుఖవ్యాధి కన్నా, ఫంగస్ వల్ల వచ్చే తామర అయ్యే అవకాశమే ఎక్కువ. అంచు ఎర్రగా ముందుకు పాకుతూ మధ్యలో చర్మం తేటపడుతుంటే దాదాపు అదే. మామూలుగా తామర అంగం జోలికి పోదు. అక్కడికీ పాకిందంటే ముందు ఆ ట్యూబునే అనుమానించాలి. దాని మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపునూ దురదనూ అణుస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు, పైగా చర్మానికున్న కాపుదల తగ్గించి దాన్ని పెంచుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు.

ఆ ట్యూబు ఆపేయండి. ఆపిన కొత్తలో దురద పెరుగుతుంది. చాలామంది అక్కడే భయపడి మళ్లీ అదే రాస్తారు, దయచేసి మీరు ఆ పని చేయకండి. ఈలోగా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. అంచు దగ్గర పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ తెలుస్తుంది. డాక్టరు లులికొనజోల్ లాంటి ఫంగస్ క్రీము ఇస్తే మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల వరకూ రాయండి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపొద్దు. మీలా ముదిరినవాళ్లకు మాత్రలూ కావాలి, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ రాస్తే భోజనం చేసిన వెంటనే వేసుకోండి. గ్యాస్ మాత్ర వాడుతుంటే ఈ క్యాప్సూల్ సరిగా ఒంటికి పట్టదు, గుండె జబ్బుంటే ప్రమాదం కూడా. ఈ రెండూ డాక్టరుకు ముందే చెప్పండి.

మొలతాడు తీసేయండి, ఫంగస్ అందులో దాక్కుంటుంది. షిఫ్టు దిగగానే స్నానం చేసి, గజ్జలు పొడిగా తుడిచి, ఉతికిన నూలు డ్రాయరు వేసుకోండి. బట్టలు వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో ఆరేయండి. తువ్వాలు ఎవరిది వారిదే. ఇంట్లో ఎవరికైనా దురద ఉంటే వాళ్లకూ ఒకేసారి వైద్యం జరగాలి. అందుకే మీ భార్యకు చెప్పక తప్పదు. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

అంగం కొన ఎర్రబడి, ముందుతోలు పగిలి, తెల్లటి పొర కడుతుంటే మాత్రం అది వేరే ఫంగస్. అప్పుడు షుగర్ పరీక్ష తప్పనిసరి. షుగర్‌కు డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడేవారికీ ఇది తరచూ వస్తుంది.

ప్రశ్న: విరేచనాలకో, ఒళ్లునొప్పులకో మాత్ర వేసుకున్నప్పుడల్లా అంగం మీద ఒకేచోట మంట పుట్టి పుండవుతుంది. మానాక నల్లమచ్చ మిగులుతోంది.
- పలాస పాఠకుడు

జవాబు: మందు పడకపోతే వచ్చే మచ్చ ఇలాగే ఉంటుంది. ఆర్నిడజోల్, టినిడజోల్, కోట్రైమోక్సజోల్, కొన్ని నొప్పి మాత్రలు తరచూ దీనికి కారణం. మాత్ర వేసుకున్న కొద్ది గంటల నుంచి ఒకట్రెండు రోజుల్లో పాతచోటే లేస్తుంది. అదే మందు మళ్లీ మళ్లీ వేసుకుంటే మచ్చలు పెరుగుతాయి. మాత్ర వేసుకోకపోయినా ముందు చురచురమని, తర్వాత చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తుంటే అది హెర్పిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లో చూపించుకోండి, పరీక్ష, మందులు ఉచితం. ఈలోగా పాత మాత్రల అట్టలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. ఏ మందో తేలాక ఆ పేరు కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి.