పెద్దపీట మాటల్లోనా, పద్దుల్లోనా?

ప్రశ్న: ఏ ప్రభుత్వం వచ్చినా పేదరిక నిర్మూలనకే పెద్దపీట వేస్తున్నామని చెబుతుంది. నిజంగా వేసిందో లేదో బడ్జెట్ కేటాయింపులను బట్టి తెలుసుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కేటాయింపులు చూడవలసినవే గాని, వాటితోనే ఒక నిర్ణయానికి రాలేము. కేటాయించినదంతా ఖర్చు కాకపోవచ్చు, ఖర్చయినదంతా పేదలకు చేరకపోవచ్చు. నేనైతే ముందుగా మరొకటి చూస్తాను. ధరలు పెరిగినప్పుడు ఎవరికిచ్చే సొమ్ము అడగకుండానే పెరుగుతున్నది? కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరవు భత్యాన్ని ధరల సూచీ ప్రకారం ఏటా జనవరికి ఒకసారి, జూలైకి ఒకసారి సవరిస్తారు. పార్లమెంటు సభ్యుల జీతాలను కూడా 2018లో ధరల సూచీతో ముడిపెట్టారు. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. అయితే అదే ఏర్పాటు వృద్ధుల పింఛనుకు మాత్రం లేదు.

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995లో మొదలైనప్పుడు నిరుపేద వృద్ధులకు కేంద్రం నెలకు 75 రూపాయలు ఇచ్చేది. తరువాత దానిని 200 చేశారు. 2007లో ఆ పింఛనుకు ఇందిరాగాంధీ పేరు పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు విస్తరించారు. ఎనభై ఏళ్లు నిండినవారికి 2011 నుంచి 500 ఇస్తున్నారు గాని, అంతకంటే తక్కువ వయసున్నవారికి కేంద్రం ఇచ్చే వాటా నేటికీ ఆ 200 దగ్గరే ఆగిపోయింది. ఈలోగా ఢిల్లీలో రెండు కూటములూ పాలించాయి, ఏటేటా బడ్జెట్లు వచ్చాయి, ప్రతి బడ్జెట్ ప్రసంగంలోనూ పేదల ప్రస్తావన ఉంది. ఇవాళ ఒక లీటరు నూనె ప్యాకెట్టు, అర కిలో కందిపప్పు కొంటే ఆ రెండు వందల్లో పెద్దగా మిగిలేదేమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పంచుతున్న 4,000 రూపాయల్లోనూ, తెలంగాణలో 2019లో నిర్ణయించిన 2,016 రూపాయల్లోనూ కేంద్రానిది ఆ చిన్న మొత్తమే, అదీ ఒక్కో రాష్ట్రంలో కేంద్రం ఒప్పుకున్న లబ్ధిదారుల సంఖ్య వరకే. మిగిలిన భారమంతా రాష్ట్రాలదే.

రాష్ట్రాలు పెంచడం మెచ్చుకోదగినదే. కాని ఎప్పుడు పెంచారో కూడా గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లో 1,000 రూపాయల పింఛను 2,000 అయింది 2019 జనవరిలో. 3,000 అయింది 2024 జనవరిలో. రెండుసార్లూ కొద్ది నెలల్లోనే ఎన్నికలు జరిగాయి. ఉద్యోగి భత్యం ధరలను బట్టి పెరుగుతుంటే, ముసలివారి పింఛను ఓట్ల పండుగను బట్టి పెరుగుతున్నది. పెద్దపీట ఎవరికి వేశారన్న మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

ప్రశ్న: దేశంలో దాదాపు 25 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారని అంటారు. 80 కోట్ల మందికి ఉచితంగా బియ్యం ఇస్తున్నామనీ అంటారు. రెండూ ఎలా నిజమవుతాయి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: రెండూ వేర్వేరు కొలతలు కనుక, రెండింటికీ ఆధారం ఉంది. మొదటిది నీతి ఆయోగ్ 2024 జనవరిలో ప్రకటించిన అంచనా. 2013–14 నుంచి 2022–23 వరకు 24.82 కోట్ల మంది బహుముఖ పేదరికం నుంచి బయటపడ్డారని దాని సారాంశం. ఆ కొలతలో పోషణ, పిల్లల చదువు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, బ్యాంకు ఖాతా వంటి పన్నెండు అంశాలు ఉంటాయి. కూలి, ఆదాయం ఉండవు. కట్టెల పొయ్యి మాని గ్యాస్ మీద వండుకుంటే లెక్కలో మార్పు కనిపిస్తుంది గాని, ఆరు నెలలుగా పని దొరకనిది అందులో నేరుగా కనబడదు. పైగా మొదటి, చివరి సంవత్సరాల అంకెలు ఆ ఏళ్లలో జరిపిన సర్వేలవి కావు. 2005–06, 2015–16, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేల ఆధారంగా అంచనా వేసినవి. మరుగుదొడ్లు, కరెంటు, ఖాతాలు పెరగడం చిన్న విషయమని నేను అనను. ప్రభుత్వం దేనిని కొలుస్తుందో దాని మీదనే శ్రద్ధ పెడుతుందని మాత్రం అంటాను.

ఇక 80 కోట్లన్నది అసలు పేదల సంఖ్య కాదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం వరకు మందికి ధాన్యం పొందే హక్కు కల్పించింది. 2011 జనాభా లెక్కలతో గుణిస్తే అది 81 కోట్ల పైచిలుకు అవుతుంది. కిలోకు రూపాయి నుంచి మూడు రూపాయల వరకు ఉన్న ధరను 2023 జనవరి నుంచి పూర్తిగా తీసివేశారు. 2011 తరువాత పుట్టినవారినీ, పేదరికంలోకి జారినవారినీ కలుపుకొని పైపరిమితిని పెంచాలంటే కొత్త జనాభా లెక్కలు రావాలి. 2021లో జరగవలసిన ఆ గణన వాయిదాల మీద వాయిదాలు పడింది.

అసలు దారిద్ర్యరేఖ మీదనే ఏకాభిప్రాయం లేదు. పేదలను లెక్కించే పద్ధతిని సూచించేందుకు వేసిన రెండు నిపుణుల సంఘాలనే చూడండి: 2011–12 సంవత్సరానికే టెండూల్కర్ సంఘం పద్ధతి ప్రకారం పేదలు 21.9 శాతం, రంగరాజన్ సంఘం ప్రకారం 29.5 శాతం. జనం వారే, సంవత్సరం అదే. గీత కాస్త పైకి గీసేసరికి తొమ్మిది కోట్లకు పైగా మంది పేదలలో చేరారు. ఆ తరువాత ప్రభుత్వం దారిద్ర్యరేఖను అధికారికంగా సవరించలేదు.

ప్రశ్న: తెలంగాణ నుంచి వచ్చి మహారాష్ట్రలోని భివండీ మరమగ్గాల్లో పనిచేస్తున్నాము. మా ఊరి రేషన్ కార్డు ఇక్కడ కొందరికి పనిచేస్తున్నది, నాకు పనిచేయడం లేదు. ఎందుకని?
– ఒక కార్మికుడు, భివండీ

జవాబు: మీ కార్డు కేంద్రం ఖాతాలోదో, రాష్ట్రం ఖాతాలోదో కనుక్కోండి. ఆహార భద్రతా చట్టం కింద ధాన్యం పొందేవారి సంఖ్యకు పైన చెప్పిన పరిమితి రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో అది అర్హుల సంఖ్య కంటే తక్కువ కావడంతో, మిగిలినవారికి రాష్ట్ర ప్రభుత్వాలే తమ ఖర్చుతో కార్డులిచ్చాయి. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ సదుపాయం కేంద్ర చట్టం కింద నమోదైన కార్డులకే వర్తిస్తుంది. మీ తోటివారి కార్డులు ఆ జాబితాలోనివి, మీది రాష్ట్రం సొంతంగా ఇచ్చినది అయి ఉండవచ్చు. ఊరిలో డీలరు దగ్గర ఇద్దరికీ ఒకే బియ్యం అందుతుంది కనుక ఈ తేడా ఊరు దాటేవరకు తెలియదు.

వలస కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర పోర్టల్ ఈ–శ్రమ్‌లో నమోదై కార్డు లేని సుమారు 8 కోట్ల మందికి కోటాతో నిమిత్తం లేకుండా కార్డులివ్వాలని 2024 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. మీరు ఈ–శ్రమ్‌లో నమోదు కాకపోతే ముందుగా ఆ పని చేయండి. తరువాత, తెలంగాణలోని మీ మండల తహసీల్దారు కార్యాలయంలో మీ కార్డును కేంద్ర జాబితాలోకి మార్చే వీలుందేమో లిఖితపూర్వకంగా అడిగి, అర్జీ ముట్టినట్టు రసీదు తీసుకోండి.